బోణీ పూట అమ్మిన ఈకల గాలం

నాందేడ్ బజార్ల ఈ కొస నుంచి ఆ కొస దాక అడుగుండ్రి: ఎట్ల వాడాల్నో తెల్వని మాల్‌ను, వాపస్ తీసుకోనని ముందే చెప్పిన మనిషి దగ్గర, ఒక్కపారే పద్దెనిమిది కొన్న మొనగాడు ఎవడని. నా దుకాన్ చూపెడ్తరు. చూపెట్టకపోతె నేనే చెప్త. అంత గొప్ప పని చేసి దాసుకునుడు ఎందుకు?

అవి ఫ్లై ఫిషింగ్ కర్రలు. అంటె ఎర గిట్ల పెట్టకుంట, ముల్లుకు ఈకలు కట్టి, అదే పురుగని చేపను మోసం చేసే ఆటకు వాడే కర్రలు. ముంబయిల ఒకాయన గొదాం ఖాళీ చేస్తుండె. కర్రకు రెండు వేలు చెప్పిండు. నేను చాయ్ తాగిన, లేచిన, గడప దాటిన, మల్ల వచ్చి కూసున్న, ఏడు వందలకు తెంపిన. "వాన్ని నిలువునా ముంచిన" అని రైల్ల నవ్వుకుంట వచ్చిన. వాడు సుత గొదాంల కూసోని నవ్వుతుండచ్చన్న సోయి మన్మాడ్ దాటినంక వచ్చింది.

నలభై ఏండ్లు చేపలు పట్టే సామాన్లు అమ్మి, ఈ యేడే గల్లపెట్టె తాళాలు నా తమ్ముని కొడుకుకు ఇచ్చిన. "పెద్దబాపూ, ఈ ఫ్లై సామాన్ల ఏది అసలైంది, ఏది ఉత్తది, జర రాసియ్యి" అన్నడు. ఆని కోసం, ఆని లెక్క ఈ యాపారంలకు కొత్తగ వచ్చేటోళ్ల కోసం రాస్తున్న. దుకాన్ ఎట్ల పెరిగింది, ఎవరు శాలువ కప్పిండ్రు అనేటివి దీంట్ల ఉండయి. శాలువ ఒకటే వచ్చింది. అది సుత మా దుకాన్ల కొన్నదే కాదు, లాభం లేదు.

చేప ముట్టనోళ్ల గాలాల దుకాన్

మాది చేప వాసన వస్తె ముక్కు మూసుకునే ఇల్లు. మా పెదనాయిన సుతిలి, తాళ్లు అమ్మెటోడు. వలలల్లేటోళ్లు తాడుకు వచ్చి "సీసం గుండ్లు లేవా, ముండ్లు లేవా" అని అడుగుకుంట పోతె, ఒక్కొక్కటే తెచ్చి పెట్టిండు. ఇంట్ల మా పెద్దమ్మ నెల రోజులు మాట్లాడలేదట. "నేను ముల్లే అమ్ముతున్న, చేపను కాదు" అన్నడట పెదనాయిన. యాపారి నోట్ల ధర్మం గిట్లనే తిరుగుతది.

నాకు పని నేర్పినాయన ఆయనే. గిరాకి మొఖం చూడనిచ్చెటోడు కాదు. "కాళ్లు చూడు," అనెటోడు. కాళ్లకు ఒండ్రు ఉంటె పనోడు: తక్కువ మాట్లాడు, మంచి ముల్లియ్యి. కాళ్లకు బూట్లుంటె షోకు: ఎక్కువ మాట్లాడు, ఏదన్న ఇయ్యి.

ఇంకో మాట చెప్పెటోడు. మా దిక్కు వంద రూపాయల మాల్‌కు నూటయాభై చెప్తం. గిరాకి ఎనభై అంటడు. కొట్లాడుకుంట కొట్లాడుకుంట వంద దగ్గర కలుస్తం. అది మోసం కాదు, రివాజు. "గని ఎవడన్న బేరమాడకుంట నూటయాభై తీసిస్తె, ఆని దిక్కున్న బేరం నువ్వే ఆడి యాభై వాపస్ ఇయ్యాలెరా," అనెటోడు. నేను నవ్వెటోన్ని. నలభై ఏండ్లల్ల ఎన్నిపార్లు ఇచ్చిన్నో అడగకుండ్రి.

పదమూడు జేబుల అంగీ

పద్దెనిమిది కర్రలు వచ్చినయి. మూడు నెలలు ఒక్కడు అడగలేదు. గోదారి ఘాట్ మీద కూసునెటోళ్లకు చూపెట్టిన. ఒకాయన వంచి చూసి, "దీంతోని పిల్లల కొట్టొచ్చు, చేపనైతె పట్టరాదు" అని పెట్టేసిండు.

అప్పుడు దొరికిండు డాక్టర్ సాబ్. పండ్ల డాక్టర్. ఫోన్ల వీడియోలు చూసి చూసి ఈ రోగం పట్టించుకున్నడు. కాళ్లకు బూట్లు, అవి సుత తెల్లయి! ఇగ నేనూరుకుంటనా? కర్రతోని షురూ చేసి, పదమూడు జేబుల చేతుల్లేని అంగీ అమ్మిన. చాతి దాక వచ్చే రబ్బరు బూట్లు అమ్మిన. అవి మంచు నీళ్లల్ల నిలవడే దేశాలయి. మన ఎండల తొడిగితె మనిషి ఉడికిపోతడు. ముల్లు పీకే చిమ్టా అమ్మిన, పండ్లు పీకేటాయనకు! ముంబయి నుంచి వచ్చిన డబ్బల, ఎర్రయి, నీలం రంగుయి, నలభై తీర్ల ఈకల ముండ్లుంటె అవి సుత అమ్మిన.

డాక్టర్ మొదటి ఐతారం ఘాట్ మీద కర్ర ఇసిరితె, ముల్లు పోయి ఆయన టోపీకే పట్టింది. రెండో ఐతారం టోపీ పెట్టుకోలేదు, చెవికి పట్టింది. మూడో ఐతారం పోలేదు.

షోకులోళ్ల మీద నాకు జాలి లేదు. చేప పట్టుడు కంటె చేప పట్టెటోని లెక్క కనవడుడు ఆళ్లకు ముఖ్యం. ఆళ్లు అడిగింది నేనిచ్చిన. నా తప్పు ఆడ లేదు.

బోణీ

నా తప్పు ఒక సోమారం పొద్దుగాల జరిగింది. దుకాన్ ఊడ్చి, ఊదుబత్తి ముట్టిచ్చి, ఇంక గద్దె మీద సరిగ్గ కూసోలేదు, మెట్ల కాడ ఒకాయన నిలవడ్డడు. కాళ్లు చూసిన. పగిలిన మడిమెలు, ఎండిన ఒండ్రు. ఇస్లాపూర్ దిక్కోడు, లచ్చన్న. ఏడాదికొక్కపారి ముండ్లకు వస్తడు.

"సేటూ, గా ఈకల గాలం ఉన్నదా నీ దగ్గర?"

"ఏంది, ఫ్లైయా? నీకెందుకు లచ్చన్నా?"

చెప్పిండు. ఇస్లాపూర్ అవతల పెన్‌గంగ ఒడ్డు మీద ఒకాయన డేరాలేసి క్యాంపు పెట్టిండు. పట్నమోళ్లు వచ్చి రెండ్రోజులుండి పోతరు. ఆయన లచ్చన్నతోని అన్నడట: వచ్చే ఐతారం గెస్టులు వస్తున్నరు, ఆళ్లచేత ఫ్లై మీద చేపలు పట్టియ్యి, పట్టిస్తె చలికాలమంత పని నీదే. సామాను మాత్రం నువ్వే తెచ్చుకోవాలె.

యేటా ఆ దినాలల్ల లచ్చన్న, ఆయన భార్య రాజవ్వ, కూలోళ్లను తీస్కపోయే ముకాదం లారీ ఎక్కి చెరుకు కొట్టవోతరు. ఆర్నెల్లు. పోయినేడు రాజవ్వకు నడుము పట్టుకున్నది. ఈసారి చెరుకు మోపు ఎత్తుడు ఆమెతోని కాదు.

"లారీ బుధారం పోతది సేటూ," అన్నడు. "నువ్వు ఈ సామానుతోని పడ్తదంటె ముకాదంకు రానని చెప్త. పడదంటె ఎక్కుత. నాకు ఎర్క లేదు, నీకు ఎర్క. నువ్వే చెప్పు, ఏది అక్కర, ఏది గాదు."

నాకు ఎర్క ఏముండె? ఒకటే ఎర్క. ముంబయి మాల్‌ల కర్రలు వచ్చినయి, రీళ్లు వచ్చినయి, ఈకలు వచ్చినయి, గని వాటికి వేసే తీగె రాలేదు. "లైన్ వేరే కొనుక్కోవాలె" అని గొదామాయన అన్నట్టు యాది. లైన్ అంటె దారమే కద, మన దగ్గర నైలాన్ దారం మస్తుగున్నది అనుకున్న.

"ఒక సామాను తక్కువున్నది లచ్చన్నా, ఆగు, కనుక్కొని చెప్త" అంటె పోయేది. గని బోణీ కాలేదు. మా దుకాన్లల్ల బోణీ కాకముందు "లేదు" అన్న మాట నోట్లకెళ్లి రాదు. ఇంట్ల బియ్యం అయిపోతె "నిండుకున్నయి" అంటమే, గట్లనే. మొదటి గిరాకిని ఉత్త చేతులతోని పంపితె దినమంత ఉత్తదే. పెదనాయిన చనిపోయిన పదకొండోనాడు దుకాన్ తెరిచి, అడిగిన తాడు లేకపోతె, మా ఇంటి బాయి తాడు ఇప్పి అమ్మినోన్ని నేను. నాకు "లేదు" ఎట్ల వస్తది?

"పడ్తదా సేటూ?"

"ఎందుకు పడది!" అన్న.

కర్ర, రీల్, సన్న నైలాన్, రంగు ఈకల డబ్బ. నాలుగు వేల రెండు వందలు చెప్పిన. మూడు దాక దిగుతనని మనసుల అనుకున్న. లచ్చన్న రుమాలు ముడి ఇప్పిండు. మేకనమ్మిన పైసలు. లెక్కవెట్టి, ఒక్క మాట అనకుంట నా చేతుల పెట్టిండు.

నేను వాటిని కండ్లకద్దుకొని గల్లల ఏసిన. మంచి బోణీ అనుకున్న.

చెర్నకోల

శుక్రారం పొద్దుగాల లచ్చన్న మల్ల వచ్చిండు. కర్రను చీరెపేలికల చుట్టి తెచ్చిండు.

"లారీ పోయిందా?" అన్న.

"మొన్ననే పోయింది."

గల్లీలకు దిగి, కర్ర లేపి ఇసిరిండు. కర్ర సుయ్యిమన్నది. ఈక పోయి ఆయన కాళ్లకాడనే పడ్డది. మల్ల ఇసిరిండు. మల్ల కాళ్లకాడనే. ఎదురుంగ చివడా అమ్మెటాయన బండి మీద చెయ్యి పెట్టుకొని, "శేట్, చేపలు నీ షెటర్ కింద ఉన్నయా ఏంది?" అన్నడు. పక్కోళ్లు నవ్విండ్రు. లచ్చన్న నవ్వలేదు, నన్ను తిట్టలేదు. తిడ్తె బాగుండు. తిట్టేటోనికి ఎట్ల జవాబియ్యాల్నో నాకు నలభై ఏండ్ల తాలీం ఉన్నది.

"మూడు దినాలు ఇసిరిన సేటూ," అన్నడు. "సీసం గుండు కడ్తె దూరం పోతది, గని గుండుతోని ఈక మునుగుతది. ఈక మీద తేలాలె కద? గుండు లేకపోతె పోదు. అప్పుడు నాకు చెర్నకోల యాదికచ్చింది."

"చెర్నకోల ఎందుకు?"

"చెర్నకోలకు తోలు ఉంటది, కొసకు సన్న కుచ్చు ఉంటది. తోలు పోతె కుచ్చు పోతది. తోలు తీసి కుట్టుడు దారం కట్టినమనుకో, ఎంత ఇసిరినా ఎద్దుకు తాకుతదా? నువ్వు నాకు తోలు ఇయ్యలే సేటూ. ఉత్త కుచ్చు ఇచ్చినవ్."

నలభై ఏండ్లు గాలాలు అమ్మినోనికి, ఒక్కనాడు సుత ఫ్లై చూడని మనిషి నడిబజార్ల చెప్పిన పాఠం ఇది. ఈ ఆటల మొత్తం సంగతి గీ ఒక్క ముక్కల్నే ఉన్నది. మామూలు గాలంల గుండు ముందు పోతది, దారం ఎనుక పోతది. ఫ్లైల తీగెనే బరువు. తీగె ముందు పోతది, ఈక దాని ఎంబడి పోతది.

ముంబయికి ఫోన్ కొట్టిన. గొదామాయన నిమ్మళంగ అన్నడు: "కర్ర పిడి కాడ ఐదు అని ఉన్నది కద శేట్? ఐదో నంబర్ కర్రకు ఐదో నంబర్ లైన్ వెయ్యాలె. లావుగ ఉంటది. అది లేకపోతె ఉత్త కర్రే."

ఆ ఐదును నేను మాల్ నంబర్ అనుకున్న.

"ముందు ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. మీరు బేరంల ఉంటిరి."

డాక్టర్ ఆడిన బేరం

నాందేడ్‌ల ఆ తీగె ఎవరి దగ్గర ఉంటది? ఫోన్ల తెప్పిస్తె నాలుగు దినాలు. ఐతారం రెండ్రోజులే ఉన్నది. అప్పుడు యాదికి వచ్చింది: డాక్టర్ సాబ్ నా కర్రకు తీగె తానే తెప్పిచ్చుకున్నడు. ఆయన వీడియోలు చూసిండు కద, నాకంటె నయం.

దవాఖానకు పోయిన. ఒకామె పన్ను పట్టుకొని అరుస్తున్నది. డాక్టర్ చేతులు కడుక్కొని బయటికి వచ్చిండు.

"తీగె ఒక్కటి ఇయ్యుండ్రి డాక్టర్ సాబ్, పదకొండు వందలకు కొన్నరట కద, ఆరు వందలిస్త," అన్న. నోరు ఊకుంటదా?

ఆయన నా మొఖం దిక్కు చూసి చిన్నగ నవ్విండు. "సగళం ఘ్యా, కాకా," అన్నడు. అన్నీ తీసుకో అని. "కర్ర, అంగీ, బూట్లు, చిమ్టా, డబ్బ. నువ్వు అమ్మిన ధరకే. తీగె నేను కొన్న ధరకు. ఒక్కటి ఇడిచిపెట్టినా తీగె ఇయ్య."

"అదెట్ల సాబ్, వాడిన మాల్..."

"వాడలేదని నీకు ఎర్కనే. ఇంకో మాట, ఒక బూటుల పిల్లి ఈనింది. పిల్లలతోని తీస్కపోవాలె."

గడప దాటి పోతున్నట్టు చేసిన. ఆయన పిలువలేదు. నాలుగు మెట్లు దిగి, మల్ల నేనే ఎక్కిన. ఆనాడు నాకు తెలిసింది, పండ్లు పీకేటాయనతోని బేరం పెట్టుకోవద్దని. ఒక బూటు, పిల్లి, మూడు పిల్లలు సుత రిక్షాల ఇంటికి వచ్చినయి. మా ఇంటామె పిల్లిని ఉంచుకున్నది, నన్ను వారం రోజులు దూరం పెట్టింది.

పెన్‌గంగ ఒడ్డు

శనారం పొద్దుగాల ఆదిలాబాద్ రైలు ఎక్కి పోయిన. నలభై ఏండ్లల్ల చేప పట్టే జాగకు పోవుడు అదే మొదటిపారి. పదమూడు జేబుల అంగీ తొడుక్కొని పోయిన. కొన్నంక ఇడిచిపెట్టుడు నా రక్తంల లేదు.

లచ్చన్న తీగెను చేతుల పట్టుకొని గుంజి చూసిండు. సేమియాకంటె జర లావు, పచ్చ రంగు. "గిదీ తోలు," అన్నడు. దాని కొసకు రెండు బారల సన్న నైలాన్ కట్టిండు, చేపకు కనవడకుంట. ఇసిరిండు. తీగె ఎనుకకు పోయి సాపయింది, ముందుకు పోయి సాపయింది, నీళ్ల మీద పండుకున్నది. నేను చెప్పులిడిచి నిలవడ్డ.

గని చేప రాలే. రెండు గంటలు. నీళ్లు తేటగున్నయి, చేపలు కండ్లకు కనవడుతున్నయి, మా ఈక కాడికి వచ్చి, చూసి, మర్లిపోతున్నయి. బజార్ల తెలివిగల్ల గిరాకి లెక్క.

రాజవ్వ బండ మీద కూసొని, నడుముకు చెయ్యి ఆనించి చూస్తున్నది. ఈకల డబ్బ తెరిచి ఒకటి తీసింది. ఎర్రది, మెరిసేది.

"సేటూ, ఇదేం పురుగు?"

"ముంబయిది."

"మా చేపలు ముంబయి పోయినయా ఏంది?" అన్నది. "మా కాడ గింత ఎర్ర పురుగుంటె చేప కాదు, నేనే ఉరుకుత."

ఆమె పుట్టిల్లు నిజామాబాద్ దిక్కు, పెండ్లి దాక బీడీలు చేసిన చెయ్యి. గడ్డిల ఒక మిడుతను పట్టి చూసింది. కోడి రాల్చిన మట్టిరంగు ఈక తెచ్చింది. ఉత్త ముల్లు అడిగింది. బీడీకి దారం చుట్టినట్టు, రెండు వేళ్ల నడుమ ముల్లు తిప్పుకుంట నాలుగు చుట్లు చుట్టి, కొస లోపలికి నొక్కింది. నేను తుమ్మేటంతల అయిపోయింది. చూస్తె ఏం లేదు, చెత్త. నీళ్ల మీద ఏస్తె మిడుత.

మూడోపారి ఇసిరినప్పుడు నీళ్లు పగిలినయి. జానెడు పరక చేప. లచ్చన్న దాన్ని చేతుల పట్టుకొని రాజవ్వ దిక్కు చూసిండు. ఆమె "ఊ" అన్నది, అంతే. ఇంకో ముల్లు తీసుకున్నది.

ఐతారం గెస్టులు వచ్చిండ్రు. ఒంటి నిండ సామాన్లు. ఆళ్లల్ల ఒకాయన నా అంగీ చూసి, "సర్, మీకు ఎన్నేండ్ల అనుభవం?" అన్నడు. "నేను చేప ముట్ట," అన్న. పట్టినంక ఇడిచిపెడ్తనని అర్థం చేసుకొని నా చెయ్యి పట్టి ఊపిండు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం ఏం సామాను లేకుంట, లచ్చన్న చెప్పినట్టు ఇసిరి, మాపటియాల్లకు నాలుగు పరకలు పట్టింది. క్యాంపాయన ఫోటోలు తీసుకున్నడు. డేరాల కాడికి లచ్చన్నను పిలిచి, "రేపటి సంది వచ్చెయ్యి, హోళీ దాక," అన్నడు. జీతం చెరుకు కన్న తక్కువనే. నడుము మాత్రం ఎత్తుడు లేదు.

కొత్తోళ్లు అడిగిన సంగతి ఇదే. కర్ర, దాని నంబర్ తీగె, సన్న నైలాన్, ఆ నీళ్ల కాడ ఎగిరే పురుగుకు సరిపడ ఈక. కంటికి ఏవన్న అద్దాలు, ముల్లు మొఖం పక్కనుంచే పోతది కాబట్టి. డాక్టర్ చెవిని అడుగుండ్రి. చిన్న చేపకు రీల్ అంటె తీగె చుట్టే డబ్బ, అంతే. మిగిలిందంత మాలాంటోళ్ల బతుకుదెరువు. షోకులోనికి అమ్ముకోండ్రి, నేనొద్దన. కాళ్లకు ఒండ్రు ఉన్నోనికి అమ్మితె మాత్రం, ఏదో ఒకనాడు పదమూడు జేబుల అంగీ మీరే తొడుక్కోవాలె.

పావతి

ఆ మాపటికి రైలు ఎక్కేముందు, బండ మీద కూసొని పావతి బుక్కు, అంటె రసీదుల బుక్కు, తీసిన. సోమారం చెప్పాల్సిన ధర ఐతారం రాసిన.

కర్ర, కొన్న ధర: ఏడు వందలు.
తీగె, డాక్టర్‌కు ఇచ్చింది: పదకొండు వందలు.
సన్న నైలాన్: నలభై.
ఉత్త ముండ్లు, ఆరు: అరవై.
రీల్, రంగు ఈకల డబ్బ: అక్కర లేదు, వాపస్ తీసుకున్న.
కోడి ఈకలు, బీడీ దారం: రాజవ్వయి.
అంగీ, బూట్లు, పిల్లి: నా ఖాతా.
మొత్తం: పంతొమ్మిది వందలు.

లచ్చన్నకు ఇచ్చిన. ఆయన ఏలు పెట్టుకుంట ఒక్కొక్క లైను సదివిండు. పొగుడ్తడేమో అనుకున్న, అబద్ధం ఎందుకు.

"సేటూ," అన్నడు, "జర తగ్గించు."

"కొన్న ధర లచ్చన్నా ఇది! పెదనాయిన మీద ఒట్టు."

"ఉండచ్చు. తగ్గించు."

సోమారం నా నోటి మాట మీద లారీ ఇడిచిపెట్టి, నాలుగు వేల రెండు వందలకు ఒక్క మాట అననోడు. ఇప్పుడు అసలు ధరకే బేరమాడుతున్నడు, అందరు నాతోని ఆడినట్టే. నేను పెన్ను మల్ల తీసిన.

తగ్గింపు: వంద.
లచ్చన్న ఇచ్చింది: నాలుగు వేల రెండు వందలు.
వాపస్ ఇచ్చింది: రెండు వేల నాలుగు వందలు.
ఆఖరి ధర: పద్దెనిమిది వందలు.